అమ్మమ్మ వంటింట్లో అలమారాలు లేవు

పోయిన సంక్రాంతికి ముందు ఇల్లంతా బూజు దులిపాక చివరికి మిగిలినవి పొయ్యి పైనున్న కప్‌బోర్డులు. చెయ్యి పెడితే అంటుకుపోతున్నాయి. తాలింపు ఆవిరీ దుమ్మూ కలిసి తలుపుల అంచుల్లో తేనెరంగు బంకలా గడ్డకట్టాయి. ఫోన్లో వెతికితే బోలెడు వీడియోలు. చాలావాటిలో ఒకటే మాట: ఇది మన అమ్మమ్మల కాలం నాటి సహజమైన చిట్కా. ఆ చిట్కా ఏమిటయ్యా అంటే, బేకింగ్ సోడా చల్లి దాని మీద వెనిగర్ పొయ్యడం. బుసబుసా నురగ వస్తుంది. చూడ్డానికి బావుంటుంది.

అమ్మమ్మ ఉంది కదా, ఆవిడనే అడుగుదామని ఫోన్ చేశాను. "వెనిగరంటే ఏంటే?" అంది. చెప్పాక నవ్వింది. "మాకు అలమారాలెక్కడివే? గోడలో రెండు గూళ్ళు, పైన అటక, ఓ ఉట్టి. ఏడాదికోసారి సున్నం వేసేవాళ్ళం. అంతే."

నిజమే. గోడ పొడవునా తలుపులూ సొరుగులూ బిగించిన వంటిల్లు మన అమ్మమ్మలది కాదు. ఫ్రాంక్‌ఫర్ట్ నగరం 1926లో కార్మికుల కోసం కడుతున్న ఇళ్ళకి మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్టు ఇరుకైన, లెక్క ప్రకారం కొలిచిన వంటిల్లు ఒకటి గీసింది. దాదాపు పదివేల ఇళ్ళలో బిగించారు. పిండికి పురుగు పట్టకుండా ఓక్ చెక్క సొరుగు, ఈగలు వాలవనే నమ్మకంతో నీలి ఆకుపచ్చ రంగు. ఇవాళ మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నదానికి మూలం అక్కడ దొరుకుతుంది. ప్లైవుడ్డూ, సన్‌మైకా అని మనం కంపెనీ పేరుతోనే పిలిచే ఆ నున్నటి రేకూ తర్వాత వచ్చి చేరాయి. తుడవాల్సిన తలుపే లేనప్పుడు దాన్ని తుడిచే చిట్కా అమ్మమ్మకి ఎక్కణ్ణించి వస్తుంది?

ఆవిడ దగ్గరున్నది వేరే విద్య. కట్టెల పొయ్యి కింద బూడిద, పులుసుకి పనికిరాని పాత చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచు, కుంకుడుకాయలు. ఇత్తడికి, రాగికి చింతపండు. కంచుకి, ఇనుముకి బూడిద. ఇదేమీ గుడ్డి అలవాటు కాదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి మీది చిలుముని కరిగిస్తుంది. బూడిదలోని పొటాషియం కార్బొనేట్ క్షారం, నూనె జిడ్డుని విడగొడుతుంది. కుంకుడులోని సాపోనిన్లు నీటికి నురగనిస్తాయి. ఆ చెట్టుకి వృక్షశాస్త్రంలో సాపిండస్ అని పేరు, అంటే భారతీయ సబ్బు. తమాషా ఏమిటంటే సబ్బు అన్న మాట మనది కాదు. పోర్చుగీసు సబావ్, ఉర్దూ సాబున్, మన సబ్బు ఒకే కుటుంబం. కుంకుడు మాత్రం మనదే.

ఇంతవరకూ చెప్పి ఆపితే ఇదీ ఇంకో చిట్కా వీడియో అయిపోతుంది. కానీ ఈ చరిత్ర అంత శుభ్రమైనదేం కాదు.

మనుస్మృతి అయిదో అధ్యాయంలో లోహపాత్రల శుద్ధి గురించి ఒక శ్లోకం ఉంది. రాగి, ఇనుము, కంచు, ఇత్తడి, తగరం, సీసం, వీటిని తగినట్టుగా క్షారంతో, ఆమ్లంతో, నీటితో శుద్ధి చెయ్యాలని దాని సారం. అమ్మమ్మ చేసింది అచ్చంగా అదే. అయితే ఆ అధ్యాయానికి కావలసింది జిడ్డు పోవడం ఒక్కటే కాదు, మైల పోవడం. ఏది ముట్టుకుంటే ఏది ఎలా అశుద్ధమవుతుందో చెప్పే జాబితాల మధ్య వస్తుంది ఆ శ్లోకం. మా అమ్మమ్మ వాళ్ళింట్లో అంట్లు పెరట్లో తోమేది పనిమనిషి. ఆవిడ తోమి బోర్లించి వెళ్ళాక, ఇంట్లోవాళ్ళు వాటి మీద మళ్ళీ నీళ్ళు పోసి గానీ లోపలికి తెచ్చుకునేవాళ్ళు కాదు. గిన్నె మీద మురికి అప్పటికే పోయింది. మరి ఆ రెండో నీళ్ళు దేన్ని కడగడానికి?

ఈ మాట అడిగితే అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు. "అప్పట్లో అంతేగా" అంది. తర్వాత తనే అంది: "పాపం, చలికాలం బూడిదకి దాని వేళ్ళ సందులు పగిలి నెత్తురొచ్చేది."

క్షారానికి చర్మం మీద కనికరం ఉండదు. మనం సహజమైనది అంటే మెత్తనిది అనుకుంటాం కదా, బూడిద నీళ్ళ తేటలో ఒక గంట చెయ్యి పెట్టి చూడాలి.

బూడిద కథ మన పెరటితో అయిపోదు. అమెరికాలో ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు, 1790లో, శామ్యూల్ హాప్కిన్స్‌కి, బూడిద నుంచి పొటాష్ తీసే పద్ధతికి! సబ్బుకీ గాజుకీ క్షారం కావాలి, దానికోసం అడవులు తగలబడుతున్నాయి. మరుసటి ఏడే ఫ్రాన్స్‌లో లెబ్లాంక్ ఉప్పు నుంచి సోడా చేసే దారి కనిపెట్టాడు. కట్టెలు మిగిలాయి గానీ ఫ్యాక్టరీలు వదిలిన ఆమ్లపు పొగకి చుట్టుపక్కల పొలాలు మాడిపోయి, బ్రిటన్ 1863లో ఆల్కలీ చట్టం తేవాల్సి వచ్చింది. ఆ తర్వాత సాల్వే పద్ధతి. మన దేశంలో 1939లో పెట్టిన టాటా కెమికల్స్, గుజరాత్ మిఠాపూర్‌లో ఆ సోడా యాష్ తయారుచేసింది. పేరులో ఇంకా యాష్ ఉంది, బూడిదే లేదు. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ మొదలుపెట్టిన నిర్మా పొడిలోనూ ముఖ్యమైన సరుకు అదే. బేకింగ్ సోడా కూడా ఆ సోడా యాష్ చుట్టమే. ఇక వెనిగర్ సంగతి: మన కిరాణా కొట్లలో దొరికే చాలా సీసాల మీద చిన్నక్షరాల్లో సింథటిక్ అని రాసి ఉంటుంది. ఇంతకీ ఆ రెండూ కలిపితే ఒకటి క్షారం, ఇంకొకటి ఆమ్లం, ఒకదాన్నొకటి చంపుకుంటాయి. గ్యాస్ పోయాక మిగిలేది ఉప్పునీళ్ళ లాంటిది. నురగ బావుంటుందన్నాను కదా, అంతవరకే.

మన వంటిళ్ళలోంచి బూడిద పోయింది సబ్బు వల్ల కాదు. సన్‌లైట్ సబ్బు 1888లోనే కలకత్తా రేవులో దిగింది, అయినా మా అమ్మ చిన్నప్పుడు కూడా అంట్లకి బూడిదే. పొయ్యిలో కట్టె ఆరిపోయినప్పుడు బూడిద పోయింది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన దీపం పథకం లక్షల ఇళ్ళకి గ్యాస్ బండ ఇచ్చింది. ఆడవాళ్ళ కళ్ళలోంచీ ఊపిరితిత్తుల్లోంచీ పొగ కొంత వెళ్ళింది, దాంతోపాటే ఉచితంగా వచ్చే తోముడు పొడీ వెళ్ళింది. ఇప్పుడు అదే బూడిద ఆన్‌లైన్లో అందమైన ప్యాకెట్లో దొరుకుతోంది. రేటు చూసి అమ్మమ్మకి చెప్పలేదు.

చివరికి కప్‌బోర్డులకి నేను వాడింది కుంకుడు రసం. రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి, వడగట్టి, గోరువెచ్చగా గుడ్డతో. సన్‌మైకా మీద బూడిద రుద్దితే గీతలు పడతాయి, చింతపండుకి ఆ జిడ్డుతో పనే లేదు. మూడు తలుపులకి గంటన్నర పట్టింది. బంక వదిలింది, కీళ్ళ దగ్గర తప్ప. నాలుగో తలుపు దగ్గర మా ఇంట్లో పనిచేసే అక్క వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది.

"ఇది నాకు మాత్రం ఇవ్వకండమ్మా" అంది. "మీకంటే ఏడాదికోసారి. నాకు రోజూ అయిదిళ్ళు."

సింక్ కింద ఉన్న లిక్విడ్ సీసా తీసిచ్చాను. గ్లౌజులు కూడా కావాలంది. అవి కొనాలని నాకు అప్పటిదాకా తట్టనే లేదు.