ధాత కరువు

నగరి కొండ ముక్కును పూర్వము చెన్నపట్టణమునకు వచ్చు నావికులు సముద్రము మీదినుండియే గుర్తుపట్టెడివారు. ఆ కొండ చుట్టుపట్ల చెరువులు నైఋతి, ఈశాన్య వానలు రెంటిని నమ్ముకొన్నవి. 1876లో, ధాత నామ సంవత్సరమున, చెన్నరాజధానిలో ఆ రెండును తప్పినవి. పెద్దలు చెప్పుకొన్న ధాత కరువు ఇదియే.

కారణము నాటివారికి అంతుపట్టలేదు. 2018లో దీప్తి సింగు మొదలగు శాస్త్రజ్ఞులు పాత వర్షపు లెక్కలను, వృక్షముల వార్షిక వలయములను కలిపి పరిశీలించిరి. పసిఫిక్ సముద్రము 1870 నుండి 1876 వరకు చల్లగా నుండి, 1877లో అపారముగా వేడెక్కినది. ఆ యేటనే హిందూ మహాసముద్రమున పడమటి నీరు వేడెక్కి, తూర్పు నీరు చల్లబడినది. భారతము, చైనా, బ్రెజిల్ ఇంచుమించు ఒక్కమారే ఎండుటకు మూలమిదియని వారు తేల్చిరి.

అయినను నేరమంతయు సముద్రము మీద మోపుటకు మాకు మనసొప్పదు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులలోని మగవాని దినకూలిని ఒక పౌను ధాన్యపు వెలకు, పైన ఒక అణాకు కుదించెను. ఆ తిండితో మనిషి పనిచేయజాలడని చెన్నరాజధాని ఆరోగ్య కమీషనరు కార్నిష్ పట్టుబట్టి వాదించెను. దేశమున చనిపోయినవారు 50 లక్షలకు తక్కువ గారు.

నేడు తిరుపతికి అనతిదూరమున, గాదంకిలో, 1024 అంటెనాల రాడారు పైగాలుల నడకను కొలుచుచున్నది. గాలిని కొలుచు యంత్రము చెరువుకట్టను చూడదు గదా! 2021 నవంబరు కుండపోతకు రాయలచెరువు కట్ట కారసాగినది. దిగువ పల్లెలవారు మూటాముల్లెతో తరలిపోవలసివచ్చినది. ఇసుక బస్తాలు వేసి గండి పడకుండ ఆపిరి.