దొరకని ముగ్గు

2019 దీపావళికి మన దేశంలో ఎంతోమంది ముగ్గు కోసం తెగ వెతికారు. వాకిట్లో కాదు, ఫోన్లో. గూగుల్ పే ఆ పండక్కి అయిదు స్టాంపులు పెట్టింది: దీపం, పువ్వు, లాంతరు, జుంకా, రంగోలీ. ఎవరికైనా డబ్బు పంపితేనో, బిల్లు కడితేనో ఒకటి వస్తుంది. అదనంగా ఉన్నది స్నేహితులకివ్వొచ్చు, లేనిది అడగొచ్చు. అయిదూ కూడితే 251 రూపాయలు. చాలామందికి చివరిదాకా చిక్కనిది రంగోలీ. జన్మలో ముగ్గుపిండి ముట్టని మగవాళ్లు కూడా "ఒక్క రంగోలీ ఉంటే ఇవ్వరూ" అని బతిమాలుకున్నారు!

చిలకలూరిపేటలో పెరిగిన నాకు నవ్వొచ్చింది. మా వైపు ముగ్గు ఎప్పుడు కరువైంది గనక? ధనుర్మాసమంతా చీకటితో లేచి, వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, చలిలో నడుం వంచి పెట్టిన ముగ్గు మధ్యాహ్నానికి కాళ్ల కింద, బళ్ల కింద చెరిగిపోతుంది. రేపు మళ్లీ పెట్టాలి. దాచుకోలేం, అమ్ముకోలేం. పక్కింటి పిల్ల చూసి నేర్చుకుపోతే మనది తరిగిపోదు. అలాంటి దాన్ని అరుదైన సరుకుగా మార్చాలంటే ముందు దాన్ని ఆడవాళ్ల చేతుల్లోంచి తప్పించాలి. జరిగింది అదే.

దీపావళినాటికి మా పల్లెల్లో పత్తి తీతలు మొదలవుతాయి, సంక్రాంతి దాటాక మిరప కోతలు. తెల్లారేసరికి ఆటో ఎక్కాల్సిన కూలి ఆడవాళ్లు ఇంకాస్త ముందే లేచి నాలుగు గీతలైనా గీసి వెళ్తారు. తీతకు కూలుంది, కోతకు కూలుంది. గీతకు లేదు.

అలాగని పాత వాకిలిని నెత్తిన పెట్టుకోను. భర్త పోయిన స్త్రీని పేరంటానికి పిలవని, గొబ్బెమ్మల దగ్గరికి రానివ్వని ఆచారం కూడా ఆ వాకిట్లోదే. ఫోనులోని స్టాంపు ఎవరినీ "నీకు మొగుడున్నాడా" అని అడగలేదు. అంతవరకు మెచ్చుకోవాల్సిందే. కానీ అది వేరే ప్రశ్న అడిగింది: నీకు ఫోనుందా, బ్యాంకు ఖాతా ఉందా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్నవారు 54 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు మూడోవంతు, అదే మగవాళ్లలో సగానికి పైగా. అంటే ముగ్గు పెట్టే మనిషికి ముగ్గు స్టాంపు అందే దారే సరిగ్గా లేదు. అందినా ఆ 251 ఎవరి ఖాతాలో పడతాయో చెప్పనక్కర్లేదు.

2020లో అదే సంస్థ ఊళ్ల టికెట్లు పోగుచేస్తూ దేశమంతా తిరిగే ఆట పెట్టింది. 2021 నుంచి పోకెమాన్ గోలోనూ దీపావళి వేళ దీపాల పండగ జరుగుతోంది. పండగలు ఫోన్లలోకి వెళ్తున్నాయి, వెళ్లనీండి. నా బాధల్లా లెక్క గురించే. స్టాంపులు ఎవరికెన్ని వచ్చాయో కంపెనీ దగ్గర లెక్క ఉంటుంది. శతాబ్దాలుగా వాకిళ్లలో పెట్టిన ముగ్గులకు ఉన్న దస్తావేజులల్లా వారపత్రికల సంక్రాంతి సంచికలు, ఆడవాళ్ల నోటు పుస్తకాలు.

మా పెద్దమ్మ పుస్తకం ఒకటి నా దగ్గరుంది. అట్ట ఊడిపోయింది. మొదటి పేజీలో "15 చుక్కలు, సందు చుక్క 8 వరకు" అని రాసుంది. ఎవరి దగ్గర నేర్చుకుందో కూడా కింద రాసుకుంది, "ఎదురింటి కోడలు" అని. పేరు లేదు.