చేయి తిరిగింది బెలూన్ల దగ్గరే

2015 సెప్టెంబర్ 28 ఉదయం శ్రీహరికోట నుంచి లేచిన పీఎస్‌ఎల్‌వీ-సీ30 రాకెట్ ఒకటిన్నర టన్నుల ఆస్ట్రోశాట్‌ను 650 కిలోమీటర్ల ఎత్తున కక్ష్యలో వదిలింది. ఖగోళ పరిశోధన కోసమే ఇస్రో పంపిన మొదటి అంతరిక్ష అబ్జర్వేటరీ అది. దాని పూర్వకథను మామూలుగా కేరళ తీరంలోని తుంబా దగ్గర మొదలుపెడతారు. అక్కడి చిన్న రాకెట్ల నుంచి మన తొలి ఉపగ్రహం ఆర్యభట్టకు, ఆర్యభట్ట నుంచి శ్రీహరికోటకు వస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. అయితే అది పల్లకీ మోసిన బోయీల కథ. పల్లకీలో కూర్చున్నదెవరో, అంతకుముందు ఎక్కడ పెరిగిందో ఆ కథ చెప్పదు. ఆస్ట్రోశాట్ పరికరాల వంశవృక్షం పట్టుకుని వెనక్కి నడిస్తే మనం చేరేది రాకెట్ల రేవుకు కాదు, హైదరాబాదు తూర్పు అంచున ఈసీఐఎల్ దగ్గరున్న ఒక మైదానానికి. అక్కడి నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు పాలిథిన్ బెలూన్లు ఎగరేస్తారు. మన అంతరిక్ష ఖగోళశాస్త్రానికి చేయి తిరిగింది ఆ బెలూన్ల దగ్గరేనని నా వాదన.

ఎక్స్ కిరణాలు నేల మీదికి రావు, గాలి వాటిని దారిలోనే మింగేస్తుంది. సూర్యుణ్ని దాటి ఆవల ఎక్స్ కిరణాలు వెదజల్లే తార ఉందని 1962 జూన్‌లో గాని తెలియలేదు. అమెరికాలో రికార్డో జకోనీ బృందం పంపిన చిన్న రాకెట్ కొద్ది నిమిషాలు ఆకాశం చూసి వృశ్చిక రాశిలో స్కార్పియస్ ఎక్స్-1ను పట్టుకుంది. రాకెట్‌కు దొరికేవి నిమిషాలైతే బెలూన్‌కు గంటలు దొరుకుతాయి. 40 కిలోమీటర్ల ఎత్తుకు చేరితే గాలి దాదాపు అంతా కిందే ఉండిపోతుంది కాబట్టి, బాగా శక్తి ఉన్న ఎక్స్ కిరణాలు అక్కడిదాకా దిగి వస్తాయి. మరి హైదరాబాదే ఎందుకు? భూ అయస్కాంత మధ్యరేఖకు ఈ ఊరు దగ్గర. ఆ రేఖ చుట్టుపక్కల భూమి అయస్కాంత క్షేత్రం తక్కువ శక్తి కాస్మిక్ కిరణాలను లోపలికి రానీయకుండా పక్కకు తోసేస్తుంది. ఎక్స్ కిరణాల డిటెక్టర్‌కు కాస్మిక్ కిరణాలు వట్టి రొద. ధ్రువాల వైపు వెళ్లి ఎగరేస్తే తిరునాళ్లలో నిలబడి గుసగుస వినబోయినట్టే. పైగా చుట్టూ వందల కిలోమీటర్ల నేల ఉంది, దిగిన పరికరం సముద్రం పాలు కాదు. అరవై ఏళ్ల కిందటి ఈ లెక్కే ఆస్ట్రోశాట్ కక్ష్యలోనూ కనిపిస్తుంది. ఆ కక్ష్య భూమధ్యరేఖకు 6 డిగ్రీలకు మించి వంగదు. నేల మీద హైదరాబాదును ఏ కారణంతో ఎంచారో, ఆకాశంలో ఆ దారినీ అదే కారణంతో ఎంచారు: రొద తక్కువ.

మధ్యరేఖ దగ్గర ఆ మేలుతో పాటు ఒక కీడూ ఉంది. మన నెత్తిమీద పదహారు పదిహేడు కిలోమీటర్ల ఎత్తున గాలి ఉష్ణోగ్రత సున్నాకు 80, ఒక్కోసారి 90 డిగ్రీలు దిగువకు పోతుంది. ధ్రువాల మీద కూడా ఆ ఎత్తులో సాధారణంగా అంత చలి ఉండదు. చల్లటి దేశాల్లో హాయిగా పైకెళ్లే పాలిథిన్ ఇక్కడ ఆ పొర దాటేలోపు పెళుసెక్కి పగులుతుంది. కాబట్టి ఈ చలికి తట్టుకునే పొరను వెతుక్కోవడం, బెలూన్‌ను ఇక్కడే తయారు చేసుకోవడం తప్పలేదు. తల వెంట్రుక కన్నా పలచని పొరను పొడవాటి బల్లల మీద పరుస్తారు. బత్తాయి తొనల్లా రెండు కొసలా సన్నంగా, నడుమ వెడల్పుగా కోస్తారు. తొన అంచును తొన అంచుకు చేర్చి వేడితో అతుకుతారు. వందల మీటర్ల అతుకులో గోరంత చోట వేడి చాలకపోయినా, ఎక్కువై పొర కరిగినా, నెలల పని ఆ చలి పొరలో చిరిగిపోతుంది. పైకి చేరి పూర్తిగా ఉబ్బాక ఈ బెలూన్ల అడ్డుకొలత 50 నుంచి 85 మీటర్లు. నేల మీద హైడ్రోజన్ నింపేటప్పుడు మాత్రం నెత్తిన చిన్న బుడగ, కింద వేలాడే పొడవాటి తోక, అంతే. పైకెళ్లే కొద్దీ గాలి ఒత్తిడి తగ్గి ఆ తోకే విచ్చుకుంటుంది. ఈ పనితనం పరిశోధన పత్రాల్లో ఒక వాక్యానికి మించి కనిపించదు. ఆ వాక్యం వెనకున్న చేతులకు శాస్త్ర చరిత్రలో చోటివ్వకపోవడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

మొదట్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ నుంచి ఎగిరిన బెలూన్లకు 1969లో శాశ్వత కేంద్రం ఏర్పడింది. 1960ల చివరి నుంచే స్కార్పియస్ ఎక్స్-1, సిగ్నస్ ఎక్స్-1 వంటి వాటి ఎక్స్ కిరణాలను ఇక్కడి నుంచి కొలిచారు. 1980లలో ఒక మీటరు అద్దం ఉన్న దూర పరారుణ టెలిస్కోపును బెలూన్‌కు కట్టి, తారలు పుట్టే ధూళి మేఘాల వైపు గురిపెట్టారు. గాలిలో ఊగే బుట్టలో ఉన్న టెలిస్కోపును ఒక తార మీద నిలపడం చిన్న పని కాదు. ఆ టెలిస్కోపు పనికి నాయకుడైన ఎస్.ఎన్. టండన్ తర్వాత పుణేలోని ఖగోళశాస్త్ర కేంద్రం అయూకాకు వెళ్లి, ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత టెలిస్కోపు తయారీకి నాయకత్వం వహించారు. ఎక్స్ కిరణాల వైపు పి.సి. అగ్రవాల్ కథా అంతే. హైదరాబాదు బెలూన్ల దగ్గర మొదలైన ఆయన పని ఆస్ట్రోశాట్‌లోని ఎక్స్ కిరణాలను లెక్కించే మూడు పెద్ద జినాన్ కౌంటర్ల దాకా వచ్చింది. వంశవృక్షం అన్నది అందుకే.

నా వాదనకు గట్టి ఆక్షేపణ ఒకటుంది. 1970 డిసెంబర్ 12న కెన్యా తీరాన సముద్రంలోని వేదిక నుంచి అమెరికా ఉహురు ఉపగ్రహాన్ని పంపింది. దాని చివరి జాబితాలో 339 ఎక్స్ కిరణ మూలాలున్నాయి. రాత్రికి ఒకటి రెండు తారలు చూసే బెలూన్ దాని ముందు ఏపాటి? పైగా మిగిలిన కాస్త గాలి వల్ల తక్కువ శక్తి ఎక్స్ కిరణాలు బెలూన్‌కు అసలే అందవు. ఇదంతా నిజం. కొత్త తారల లెక్కలో బెలూన్ ఓడిపోయింది, అందులో దాచేదేమీ లేదు. నేనంటున్నది కనుగొన్న వాటి గురించి కాదు, కనుగొనే సాధనం చేయడం ఎలా వచ్చిందన్న దాని గురించి. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ మీద వెళ్లిన ఆర్యభట్టలోనూ ఎక్స్ కిరణాల పరికరం ఉంది. కొద్ది రోజులకే విద్యుత్ సరఫరా చెడి ప్రయోగాలన్నీ ఆగిపోయాయి. ఏం జరిగిందో పెట్టె విప్పి చూసే దారి లేదు. బెలూన్ మీద చెడిన పరికరం పారాచూట్‌తో నేలకు వస్తుంది. విప్పుతారు, ఏ తీగ వదులైందో, ఏ కిటికీ పొర కారిందో చూస్తారు, బాగుచేసి మళ్లీ పంపుతారు. ఒకే తరం మనుషులు ఒకే పరికరాన్ని పదే పదే విప్పి బిగించే అవకాశం మరే వాహనమూ ఇవ్వలేదు.

తుంబా నుంచి యు.ఆర్. రావు బృందం రాకెట్లతో చేసిన ఎక్స్ కిరణాల పని మాటేమిటని కూడా అడగవచ్చు. ఆ పని విలువైనదే, ఆర్యభట్టను నిర్మించిన నాయకుడూ ఆయనే. కానీ కొన్ని నిమిషాలు ఎగిరే రాకెట్‌లో పెద్ద, బరువైన డిటెక్టర్‌కు చోటుండదు, దూరాన ఒక్క తారనే గంటల తరబడి చూసే నేర్పు అక్కడ అలవడదు. ఇది మన దేశానికే పరిమితమైన సంగతీ కాదు. 1998లో అంటార్కిటికా మీద ఎగిరిన బూమరాంగ్ బెలూన్‌లోని సాలెగూడు ఆకారపు బోలోమీటర్ల వంటివే తర్వాత ప్లాంక్ ఉపగ్రహంలో విశ్వం తొలి వెలుగును కొలిచాయి. 2012లో వెళ్లిన నూస్టార్ టెలిస్కోపుకు ముందు ఫియోనా హారిసన్ బృందం అదే తరహా అద్దాలను హెఫ్ట్ అనే బెలూన్ మీద ఎగరేసింది.

బెలూన్ మీద నేర్చినంత మాత్రాన కక్ష్యలో అన్నీ సవ్యంగా సాగవు. 1996లో ఐఆర్‌ఎస్-పీ3 ఉపగ్రహం మీద వెళ్లిన టాటా సంస్థ కౌంటర్లు జీఆర్‌ఎస్ 1915+105 అనే జంట తార చిత్రమైన ఎక్స్ కిరణ పేలుళ్లను పట్టుకున్నాయి, అది విజయం. ఆస్ట్రోశాట్ జినాన్ కౌంటర్లలో ఒకటి మాత్రం కక్ష్యలో గ్యాస్ కారిపోయి కొన్నేళ్లకే మూగబోయింది. దాన్ని కిందికి తెచ్చి విప్పే వీలు లేదు. అయినా ఫలితాలు వచ్చాయి. టండన్ టెలిస్కోపు తీసిన చిత్రాల్లో 930 కోట్ల కాంతి సంవత్సరాల అవతలి గెలాక్సీ నుంచి వచ్చిన తీవ్ర అతినీలలోహిత కాంతిని 2020లో గుర్తించారు.

బెలూన్లు ఆగలేదు. ఎగరేసే కాలం వచ్చినప్పుడు హైదరాబాదు కేంద్రం పత్రికల్లో ఒక ప్రకటన ఇస్తుంది. రంగుల పారాచూట్‌తో పొలంలో పెట్టె ఏదైనా దిగితే ముట్టుకోవద్దు, విప్పొద్దు, దగ్గర్లోని పోలీసులకో తపాలా కార్యాలయానికో చెప్పండి, చెప్పినవాళ్లకు తగిన బహుమతి ఇస్తాం అని అందులో ఉంటుంది. కబురు అందగానే జీపు బయల్దేరుతుంది. పెట్టె మళ్లీ బల్ల మీదికి చేరుతుంది, మరలు విప్పడం మొదలవుతుంది.