కువైట్‌లో ఇంటి పని మానేస్తున్నారా? సంతకం పెట్టే ముందే లెక్క చూసుకోండి

రాయచోటి, రాజంపేట, కడప నుంచీ, అటు గోదావరి జిల్లాల నుంచీ ఎంతోమంది మహిళలు కువైట్ ఇళ్లలో పని చేస్తున్నారు. వెళ్లేటప్పుడు ఏజెంట్‌కు ఎంత ఇవ్వాలి, జీతం ఎంత, ఇంట్లో ఎంతమంది ఉంటారు అని నలుగురినీ అడిగి వెళ్తారు. మానేసి వచ్చేటప్పుడు మాత్రం ఎవరినీ అడగరు. టికెట్ చేతిలో పెట్టి, ఎయిర్‌పోర్టుకు బయలుదేరే ముందు అరబీలో రాసిన కాగితం మీద సంతకం చేయమంటే చేసేస్తారు. ఆ కాగితంలో చాలాసార్లు ఉండేది ఒక్కటే మాట: నాకు రావాల్సిందంతా ముట్టింది, ఇక ఏ బాకీ లేదు అని. విమానం ఎక్కాక ఆ సంతకాన్ని కాదనడం చాలా కష్టం.

అందుకే పని మానేయాలనుకున్న రోజు నుంచి ఇల్లు చేరే దాకా ఏం చూసుకోవాలో, ఏం లెక్క రావాలో ఇక్కడ ఇస్తున్నాం.

చట్టం ఏం చెబుతోంది?

ఇంటి పనివాళ్ల కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం తెచ్చింది. మనవాళ్లు 20 నంబర్ వీసా అని పిలిచే వీసా మీద ఉన్న పనిమనుషులు, వంటవాళ్లు, డ్రైవర్లు దీని కిందికే వస్తారు. అందులో ముఖ్యమైనవి ఇవీ:

- నెల తిరగ్గానే ఒప్పుకున్న జీతం ఇవ్వాలి. కనీస జీతం 60 దీనార్లు అని 2016లో నిర్ణయించారు. ఒప్పందంలో ఎక్కువ రాసి ఉంటే ఆ ఎక్కువే ఇవ్వాలి.
- రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి.
- వారానికి ఒక రోజు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు.
- జీతం ఆలస్యం చేస్తే, ఆలస్యమైన ప్రతి నెలకూ 10 దీనార్లు అదనంగా ఇవ్వాలి.
- ఒప్పందం పూర్తయ్యాక, చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం చొప్పున సర్వీసు డబ్బు ఇవ్వాలి.
- పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు.

వీటిలో చివరి మూడింటి సంగతి చాలామందికి తెలియదు. తెలిసినా అడగడానికి మొహమాటం. "ఇన్నేళ్లు వాళ్ల ఉప్పు తిన్నాం, ఎలా అడుగుతాం" అంటారు. ఇది దయతో ఇచ్చే బక్షీసు కాదు. పని చేసి సంపాదించుకున్న సొమ్ము. వెళ్లేటప్పుడు మేడమ్ ఇచ్చిన బట్టలు, సెంటు సీసాలు, పిల్లలకు చాక్లెట్లు ఇందులో జమ కావు.

లెక్క ఎలా వేయాలి?

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకావిడ జీతం నెలకు 100 దీనార్లు. రెండేసి ఏళ్ల ఒప్పందాలు రెండు పూర్తి చేసింది, అంటే మొత్తం నాలుగేళ్లు. చివరి మూడు నెలల జీతం రాలేదు. ఆ పైన మరో 12 రోజులు పని చేసి బయలుదేరుతోంది.

- రావాల్సిన మూడు నెలల జీతం: 300 దీనార్లు
- చివరి 12 రోజుల జీతం, నెలకు 30 రోజుల లెక్కన: 40 దీనార్లు
- మూడు నెలల ఆలస్యానికి నెలకు 10 చొప్పున: 30 దీనార్లు
- నాలుగేళ్ల సర్వీసుకు నాలుగు నెలల జీతం: 400 దీనార్లు

మొత్తం 770 దీనార్లు. మన డబ్బుల్లో రెండు లక్షల రూపాయల పైమాటే. యజమాని బాకీ ఉన్న మూడు నెలల జీతం ఇచ్చి "హిసాబ్ ఖలాస్" అంటే, ఆవిడ 470 దీనార్లు వదిలేసుకుని వచ్చినట్టే. ఒక కూతురి పెళ్లి ఖర్చులో సగమో, ఇంటి స్లాబుకు కావాల్సిన డబ్బో అక్కడే మిగిలిపోయినట్టు.

వాడుకోని సెలవులు ఉంటే వాటిని కూడా విడిగా రాసి అడగాలి. తిరుగు టికెట్ ఎవరు పెట్టుకోవాలో ఒప్పందంలో చూసుకోవాలి. ఒప్పందం పూర్తి చేసుకుని వచ్చేవాళ్లకు మామూలుగా యజమానే టికెట్ తీస్తారు. ఆ టికెట్ డబ్బును సర్వీసు డబ్బులో కోసుకుంటామంటే ఒప్పుకోవద్దు. "నిన్ను తెచ్చుకోవడానికి ఆఫీసుకు ఇంత కట్టాను" అనే మాటకూ ఈ లెక్కకూ సంబంధం లేదు. ఆ ఖర్చు యజమానికీ రిక్రూట్‌మెంట్ ఆఫీసుకూ మధ్య విషయం.

మధ్యలో మానేస్తే?

జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. సర్వీసు డబ్బు ఒప్పందం పూర్తి చేయడంతో ముడిపడి ఉంది. ఇంకో రెండు, మూడు నెలల్లో రెండేళ్లు నిండుతాయనగా తొందరపడి మానేస్తే ఆ డబ్బు మీద పేచీ వస్తుంది. ఇంట్లో ఇబ్బంది లేకపోతే ఆ తేదీ దాకా ఆగడమే మేలు. ఒప్పందం ఏ రోజు ముగుస్తుందో, మానేస్తున్నట్టు ఎంత ముందు చెప్పాలో కాగితంలో చూసుకుని, ఆ గడువుకు ముందే చెప్పాలి. నోటితో చెప్పి ఊరుకోకుండా వాట్సాప్‌లో మెసేజ్ కూడా పెడితే తేదీకి సాక్ష్యం ఉంటుంది.

కొడుతున్నా, తిండి పెట్టకపోయినా, జీతం ఇవ్వకపోయినా ఆగాల్సిన పని లేదు. కానీ ఎవరికీ చెప్పకుండా గేటు దాటి బంధువుల గదికో, పార్ట్ టైమ్ పనికో వెళ్తే చిక్కుల్లో పడతారు. యజమాని పారిపోయిందని కేసు పెట్టగలడు. అప్పుడు రావాల్సిన బాకీ సంగతి పక్కకు పోయి, పట్టుబడటం, దేశం నుంచి పంపేయడం దాకా వస్తుంది. ఇల్లు వదలాల్సి వస్తే నేరుగా భారత రాయబార కార్యాలయానికే వెళ్లాలి. అక్కడ ఇంటి పనివాళ్ల ఫిర్యాదులు తీసుకుంటారు, దిక్కులేని మహిళలకు తల దాచుకునే చోటు కూడా ఉంది.

ముందు నుంచే దాచుకోవాల్సినవి

- ఒప్పందం, పాస్‌పోర్టు, సివిల్ ఐడీ, వీసా పేజీల ఫోటోలు. ఫోన్‌లో ఒకటి ఉంచుకుని, ఇంట్లో వాళ్లకు ఒకటి పంపాలి. ఫోన్ లాక్కున్నా కాగితం పోదు.
- ఏ నెల జీతం ఏ తేదీన ఇచ్చారో చిన్న పుస్తకంలో రాసుకోవాలి. చదువు రాకపోతే ప్రతి నెలా ఇంటికి వాయిస్ మెసేజ్ పెట్టినా చాలు.
- ఊరికి డబ్బు పంపిన ఎక్స్‌చేంజ్ రసీదులు.
- యజమాని ఫోన్ నంబరు, ఇంటి ఏరియా, బ్లాకు, వీధి, ఇంటి నంబరు. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు మొదట అడిగేవి ఇవే.

వీలైతే జీతం బ్యాంకు ఖాతాలోనే వేయమనాలి. చేతికి తీసుకుంటే, ఎంత ముట్టిందో అంతకే సంతకం చేయాలి.

సంతకం రోజున

అరబీ కాగితాన్ని ఫోటో తీసి, చదివేవాళ్లకు పంపి అర్థం తెలుసుకున్నాకే పెన్ను పట్టుకోవాలి. డబ్బు లెక్కపెట్టుకోవాలి. "ఎయిర్‌పోర్టులో ఇస్తాను", "ఊరికి పంపుతాను" అన్న మాట మీద సంతకం వద్దు. తెల్ల కాగితం మీద సంతకం అసలే వద్దు.

ఇవ్వనంటే కువైట్ మ్యాన్‌పవర్ అథారిటీలోని ఇంటి పనివాళ్ల విభాగంలో ఫిర్యాదు చేయవచ్చు. వాళ్లు ఇద్దరినీ పిలిచి మాట్లాడతారు. తెగకపోతే కేసు కోర్టుకు వెళ్తుంది. దానికి పనివాళ్లు కోర్టు ఫీజు కట్టనక్కర్లేదు. భాష రాదన్న భయం ఉంటే రాయబార కార్యాలయం సాయం తీసుకోవాలి. ఇదంతా అక్కడ ఉన్నప్పుడే చేసుకోవాలి.

వచ్చేశాక గుర్తొస్తే?

దారి మూసుకుపోలేదు కానీ పొడవవుతుంది. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్ వాళ్లు ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీని, తెలంగాణ వాళ్లు హైదరాబాద్ ప్రజా భవన్‌లోని ప్రవాసీ ప్రజావాణిని అడగవచ్చు. కాగితాల ఫోటోలు ఉంటేనే వాళ్లూ ఏదైనా చేయగలిగేది.

సౌదీలో లెక్క వేరు

పాతబస్తీ నుంచి, ఇతర జిల్లాల నుంచి సౌదీ ఇళ్లకు వెళ్లినవాళ్లు కువైట్ లెక్క అక్కడ అడిగితే కుదరదు. సౌదీలో ఇంటి పనివాళ్లకు ఒకే యజమాని దగ్గర వరుసగా నాలుగేళ్లు పూర్తయితేనే ఒక నెల జీతం సర్వీసు డబ్బుగా వస్తుంది. మూడున్నరేళ్లకు మానేసి వచ్చేవాళ్లు ఆ ఆరు నెలల సంగతి ముందే ఆలోచించుకోవాలి.

కూలి ఆలస్యం చేయొద్దని దీన్ చెప్పింది కఫీల్‌కూ తెలుసు, పనికి వెళ్లిన మన ఆడబిడ్డకూ తెలుసు. అడగడంలో తప్పు లేదు. కాకపోతే విమానం ఎక్కకముందే, సంతకం పెట్టకముందే, లెక్క చేతిలో పట్టుకుని అడగాలి.