ఇంటిలోని సముద్రము

పాలమూరు సీమలో సముద్రము లేదు. సముద్రములను పేరుగల చెరువులు మాత్రము కలవు. నాగర్‌కర్నూలు పట్టణమున కేసరిసముద్రము, శ్రీరంగాపురమున రంగనాయకస్వామి ఆలయము చెంత రంగసముద్రము, ఖిల్లా ఘనపురమున కాకతీయుల నాటి గణపసముద్రము కలవు. వనపర్తి సంస్థానపు చెరువులలో ఏడింటిని సప్తసముద్రములని చెప్పుకొనుట నేటికిని వాడుక. గద్వాలకు ఒక ప్రక్క కృష్ణ, మరియొక ప్రక్క తుంగభద్ర. ఆ రెండు నదుల నీరును కలసి హంసలదీవి వద్ద కడలి చేరును గాని, ఆ కడలి ఈ మూడు పట్టణములకును రెండువందల కిలోమీటర్లకు పై దూరమున నున్నది.

అట్టి సీమలో నేడు కొందరు గృహస్థులు తమ ముందరి గదిలో ఒక గాజుతొట్టి నుంచి, అందు ఉప్పునీరు నింపి, పగడపు దిబ్బ నొకదానిని చిన్నదిగా పెంచవలెనని ముచ్చటపడుచున్నారు. ఈ ముచ్చట క్రొత్తది కాదు. దీనికి సుమారు రెండువందల ఏండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్ర నెరిగినవాడు తొట్టి కొనుటకు ముందే కొన్ని తప్పులు తప్పించుకొనును. కావున ముందు కథ చెప్పి, పిమ్మట ఏర్పాటును గూర్చి చెప్పదలచితిమి.

సముద్రజీవులను గాజుతొట్టిలో నుంచి పరిశీలించిన తొలివారిలో ఒకరు ఝాన్ విల్‌ప్రో పవర్ అను ఫ్రెంచి వనిత. ఆమె మొదట దుస్తులు కుట్టి జీవించినది. వివాహానంతరము సిసిలీ ద్వీపమునందలి మెస్సీనా రేవున నివసించెను. ఆర్గొనాట్ అను ఎనిమిది చేతుల జలచరము తన పలుచని గుల్లను తానే కట్టుకొనునా, లేక పరుల గుల్లలో దూరునా యను సందేహము పండితులను చిరకాలముగా వేధించుచుండెను. 1832లో ఆమె గాజుతొట్లు చేయించి, ఆ జీవిని ప్రాణముతో నుంచి చూచి, గుల్ల దాని సొంతమేనని తేల్చెను.

ఆమె ఇల్లు సముద్రపుటొడ్డున నుండెను. కడలికి దూరమైన ఇంటిలో పగడజీవులను పెంచిన ఘనత ఆంగ్ల వనిత ఆనా థిన్‌కు చెందును. 1846లో ఆమె టార్కీ తీరమున రాతిపగడములను చూచి, మోహపడి, వానిని జాడీలో నుంచి లండను నగరమునకు తెచ్చుకొనెను. తెచ్చిన సముద్రపు నీరు కొంచెమే. నిలువయున్న నీటిలో ప్రాణవాయువు తరుగును, జీవులు చచ్చును. అందుకామె కనుగొనిన ఉపాయము మిక్కిలి సాధారణమైనది. తెరచిన కిటికీ ముందు ఆ నీటిని ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి దినదినము అరగంటనుండి ముప్పావుగంట వరకు పోయుచుండవలెను. ఈ పని చేసినది ఆమె యింటి చిన్న పనిపిల్ల. మరుసటి యేడు సముద్రపు నాచును చేర్చిన పిమ్మట శ్రమ కొంత తగ్గెను. పగడములు సుమారు మూడేండ్లు బ్రతికి, పిల్లలను కూడ పెట్టెను. చరిత్రలో ఆ పనిపిల్ల పేరు నిలువలేదు. కాని ఆ పగడములు నిలిచినది ఆమె చేతి చలువ వలననే యని మా అభిప్రాయము.

మన చెరువుల సంగతియు ఇంతే. కట్ట కట్టించిన ప్రభువు పేరు శాసనమున నుండును. ఏ మడికి ఎంత నీరు వదలవలెనో, ఏ రాత్రి తూము మూయవలెనో, మత్తడి ఎప్పుడు పొర్లునో కనిపెట్టియుండిన నీరటివాని పేరు ఏ రాతిపైనను లేదు. అయినను నీరటి లేని చెరువు నాలుగు కాలములు నిలువదు.

ఇంగ్లండు కథ అటుపై వేగముగా సాగినది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు మొక్కలును జలచరములును ఒకే తొట్టిలో పరస్పరాధారముగ బ్రతుకగలవని నిరూపించెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో మత్స్యగృహము తెరువబడెను. మరుసటి యేడు ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన గ్రంథముతో ప్రతి మధ్యతరగతి ఇంటను గాజుతొట్టి వెలసెను. సముద్రపు నీరు దొరకని వారి కొరకు లవణములు కలిపి కృత్రిమ జలము చేయు పద్ధతిని కూడ ఆయనయే ప్రకటించెను. కాని ఈ వెల్లువకు మూల్యము చెల్లించినది సముద్రతీరము. జనులు గంపలతో వచ్చి, రాళ్ళు పెకలించి, గుంటలలోని జీవులను దోచుకొనిపోయిరి. తండ్రి గ్రంథమువలన కలిగిన ఈ వినాశమును కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో తన స్వీయచరిత్రమున వగచుచు వ్రాసెను. తెచ్చిన జీవులలో పెక్కు కొలదికాలమునకే చచ్చెను, తొట్లు అటకలెక్కెను.

మన దేశమున 1909లో మద్రాసు మెరీనా తీరమున ప్రభుత్వ మ్యూజియము అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ ప్రయత్నముచే సముద్రజీవుల ప్రదర్శనశాల తెరువబడినది. నాడు కోస్తాంధ్రులకు మద్రాసే రాజధాని యగుటచే పట్టణమునకు పోయిన తెలుగువారును దానిని చూడగలిగిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అది మూతపడెను. 1951లో బొంబాయిలో తారాపొరేవాలా ప్రదర్శనశాల ఆరంభమైనది. ఇవి ప్రజలందరికొరకు సముద్రపుటొడ్డున వెలసినవి. ఇంటిలో పగడములను నిలుపు విద్యకు 1961లో ఇండోనేషియా వాసియగు లీ చిన్ ఎంగ్ వ్రాసిన వ్యాసము దారి చూపెను. వడపోత యంత్రముల హంగు లేకయే, జీవముతో నిండిన సముద్రపు రాళ్ళును, కొద్దిపాటి గాలి బుడగలును చాలునని ఆయన చూపెను.

ఆ రాళ్ళలోని మహిమ యేమి? కంటికి కనబడని సూక్ష్మజీవులు. చేపల విసర్జనమునుండి అమ్మోనియా అను విషము పుట్టును. ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, మరియొక జాతి దానిని అంతగా హాని చేయని నైట్రేటుగను మార్చును. ఈ క్రమమును రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతముననే వెల్లడించెను గాని, ఇంటి తొట్లవారు దానిని గ్రహించుటకు చాలకాలము పట్టెను. ఈ చరిత్ర యంతయు చెప్పు మాట ఒక్కటే: మనము పెంచవలసినది చేపను గాదు, నీటిని. నీరు కుదిరినచో చేప తానే బ్రతుకును.

ఇక ఏర్పాటునకు వత్తము. చిన్న తొట్టి సులభమని తలంతురు. నిజము దానికి తలక్రిందులు. కుంట చెరువుకంటె ముందు ఎండును. అరువది సెంటీమీటర్ల పొడవును, నలువదియైదేసి వెడల్పు ఎత్తులును గల తొట్టి సుమారు 120 లీటర్లు పట్టును. తొలి ప్రయత్నమునకు ఇంతకు తక్కువ వలదు. నీరు, గాజు, రాళ్ళు కలసి బరువు నూటయేబది కిలోలకు తగ్గదు గనుక దృఢమైన బల్ల కావలెను. కిటికీ ఎండ పడని చోటు కావలెను. రేడియో ప్రక్కన మాత్రము ఉంచరాదు. ఉప్పునీటి తుంపర విద్యుత్పరికరములను తినివేయును.

బోరు నీటిలో ముందే లవణములు కరిగియుండును గనుక వడపోసిన శుద్ధజలము వాడి, అందు సముద్రలవణమును లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పదనము వచ్చునట్లు కలుపవలెను. ఎండకు ఆవిరియగునది నీరు మాత్రమే, ఉప్పు మిగులును. వంద లీటర్ల నీటిలో దినమునకు రెండేసి లీటర్లు తరిగినచో, అయిదు దినములలో 35 గ్రాముల ఉప్పదనము 39కి సమీపించును. అంతటి మార్పును సున్నితమైన జీవులు ఓర్వజాలవు. కావున తరిగిన మేరకు ప్రతిదినము మంచినీటినే చేర్చవలెను, ఉప్పునీటిని గాదు.

వేడి మరింత గడ్డు సమస్య. పగడములకు 25, 26 డిగ్రీల నీరు హితము. గద్వాల వేసవి నలుబది దాటును. సముద్రములోనే నీరు అలవాటుకంటె ఒకటి రెండు డిగ్రీలు పెరిగి వారములు నిలిచినచో పగడములు తెల్లబారును; 1998లో లక్షద్వీపములందు ఈ ఉపద్రవమే సంభవించెను. చల్లార్చు యంత్రము గాని, నీటిపై గాలి వీచు పంకా గాని, విద్యుత్తు ఆగినపుడు బ్యాటరీపై నడచు గాలి పంపు గాని సమకూర్చుకొనజాలనివారు పగడముల జోలికి పోకుండుట ఉత్తమము.

క్రింది అరలో రెండవ తొట్టి యుంచి నీటిని త్రిప్పువారు సరళాసాగరమును ఒకసారి చూచి రావలెను. వనపర్తి రాజా రామేశ్వరరావు తన తల్లి పేర కట్టించిన ఆ జలాశయమునకు 1949లో శంకుస్థాపన జరిగి, 1959లో నిర్మాణము ముగిసెను. నిండు మట్టమునకు చేరినంతనే నీరు మనిషి చేయి తగులకయే సైఫన్ల గుండ దూకును. మట్టము తగ్గి గాలి చొరబడినంతనే ధార తెగును. ఇంటి తొట్టియందును ధర్మ మదియే. విద్యుత్తు ఆగినపుడు పైతొట్టి నీరు తిరిగివచ్చు గొట్టము గుండ సైఫనై క్రిందికి దిగి గది నంతయు ముంచగలదు. నీటి మట్టమునకు కొంచెము దిగువగా ఆ గొట్టమునకు సన్నని రంధ్రము చేసినచో గాలి చొరబడి ధార ఆగును. అయినను యంత్రమును నమ్మి నిద్రించరాదు. 2019 డిసెంబరు 31న సరళాసాగరపు కట్టయే తెగెను. పిదప దానిని మరల కట్టిరి. ఎంతటి సముద్రమునకైనను కాపలా కావలసినదే.

రాళ్ళును నీరును అమర్చిన పిదప నాలుగునుండి ఆరు వారములు చేప లేకయే వేచియుండవలెను. అమ్మోనియా, నైట్రైటు రెండును శూన్యమని పరీక్షలో తేలినపుడే ఒక జత క్లౌన్ చేపలను విడువవలెను. వీనిని పిల్లలుగా పుట్టించి పెంచు విధానమును మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించియున్నది. కావున కడలినుండి పట్టినవి కొననక్కరలేదు. దిబ్బను కట్టు రాతిపగడములు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలున చేర్చబడినవి. మన సముద్రమునుండి వానిని, బ్రతికినవైనను చచ్చినవైనను, పెకలించుట నేరము. రాళ్ళ స్థానమున కృత్రిమముగా చేసిన రంధ్రముల రాళ్ళు చాలును. పగడమని చూపి అమ్మువానిని, ఇది ఎచ్చట పుట్టినది, పత్రము లేవి యని అడుగుడు. జవాబు లేనిచో వెనుకకు మరలుడు. ఎడ్మండ్ గాస్ వగపు మన తీరమునకు రాకూడదు.

విసుగు పుట్టినపుడు తొట్టిలోని జీవులను చెరువులోనో నదిలోనో విడుచుటయు పాపమే. ఇండ్ల తొట్లకై తెచ్చిన ముండ్ల పొలుసుల చేప, జనులు దయ్యపు చేప యనునది, నేడు కృష్ణానదిలో ప్రబలి జాలరుల వలలను చించుచున్నది. మార్చిన ఉప్పునీటిని పొలమునందును, పెరటి చెట్లకును పోయరాదు.

చెరువునకు సముద్రమని పేరు పెట్టుట మన పెద్దలకు సులభమే. దానిని నిలిపినది నీరటివాని మెలకువ. ముందరి గదిలో సముద్రము కోరు గృహస్థు తొట్టి వెల యడుగుటకు ముందు తన యింట నీరటి ఎవరని అడుగవలెను. ఉదయమున మట్టము చూచుటకును, ఎండవేళ వేడిమి కొలుచుటకును, పండుగకు ఊరు వెళ్ళినపుడు పొరుగువారికి అప్పగించుటకును ఒకరు సిద్ధముగ నున్నచో తొట్టి కొనుడు. లేనిచో సాయంకాలము పిల్లలను వెంటబెట్టుకొని రంగసముద్రపు గట్టునకో, కేసరిసముద్రపు కట్టకో పోయి కూర్చుండుడు. ఆ సముద్రమును చూచుటకు రుసుము లేదు. దానిని కాచిన చేతులు మాత్రము ఎన్నియో కలవు.