వెర్షన్ల తగవు: లాక్‌ఫైల్ పుట్టుపూర్వోత్తరాలు

సుడోకును ప్యాకేజీ ఇన్‌స్టాలర్ చేత పూర్తి చేయించవచ్చని తెలిసినప్పుడు కలిగిన ఆనందమే ఈ వ్యాసానికి మూలం. పద్ధతి సులువే. సుడోకులోని 81 గళ్లను 81 ప్యాకేజీలు అనుకోండి. ఒక్కో ప్యాకేజీకి 1 నుంచి 9 దాకా తొమ్మిది వెర్షన్లు. ఒక గడిలో 3 పడితే అదే అడ్డవరుసలో, అదే నిలువువరుసలో, అదే 3×3 చదరంలో మరెక్కడా 3 పడకూడదు కదా. ఆ నియమాన్నే "నా మూడో వెర్షన్ వేసుకుంటే ఈ ఇరవై ప్యాకేజీల మూడో వెర్షన్ వేసుకోకూడదు" అని డిపెండెన్సీగా రాయాలి. ముందే ఇచ్చిన అంకెలను ఖాయం చేసి, అన్నిటినీ ఇన్‌స్టాల్ చేయమంటే చాలు, ఇన్‌స్టాలర్ పజిల్ పూర్తి చేసి ఇస్తుంది. పైథాన్ ప్యాకేజీలతో దీన్ని నిజంగానే చేసి చూపించారు. అంటే వెబ్ అప్లికేషన్ మొదలుపెట్టినప్పుడల్లా మనం యథాలాపంగా కొట్టే ఒక్క కమాండ్ వెనుక కంప్యూటర్ శాస్త్రంలోని కఠినమైన సమస్యల్లో ఒకటి దాగి ఉంది. 1971లో స్టీఫెన్ కుక్ ఎన్‌పీ-కంప్లీట్ అని నిరూపించిన తర్క సమస్య, లైబ్రరీల వెర్షన్ల మధ్య పొత్తు కుదర్చడం, రెండూ ఒకే జాతివి. అన్ని సందర్భాల్లోనూ దీన్ని వేగంగా తేల్చే ఉపాయం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. మరి ఇంత కఠినమైన సమస్యను నెత్తిన పెట్టుకుని ప్రపంచంలోని వెబ్‌సైట్లన్నీ ఎలా నడుస్తున్నాయి? ఎవరో గొప్ప అల్గారిథం కనిపెట్టారు, దానితో గట్టెక్కాం అనుకోవడం సహజం. చరిత్ర తిరగేస్తే మాత్రం అసలు మలుపు అల్గారిథంలో కనబడదు. ఒకసారి కుదిరిన నిర్ణయాన్ని కాగితం మీద పెట్టాలన్న ఆలోచనలో కనబడుతుంది. ఆ కాగితమే లాక్‌ఫైల్.

లైబ్రరీలు పుట్టిన రోజుల్లో ఈ తగవు లేనే లేదు. కేంబ్రిడ్జిలో 1949లో నడక మొదలుపెట్టిన ఎడ్‌శాక్ యంత్రం కోసం మారిస్ విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ చిన్న చిన్న సబ్‌రొటీన్లను కాగితపు టేపుల మీద పంచ్ చేసి ఒక బీరువాలో భద్రపరిచారు. 1951 నాటికి అవి 87 అయ్యాయి. కావలసినవాళ్లు బీరువాలోంచి టేపు తీసి, దాని నకలును తమ ప్రోగ్రామ్ టేపు మీదికి ఎక్కించుకునేవారు. ఎవరి నకలు వారిదే కనుక ఒకరి లైబ్రరీ మారితే ఇంకొకరి ప్రోగ్రామ్ కూలే ప్రమాదం లేదు. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన నాటో సమావేశంలో డగ్ మెకిల్‌రాయ్, సాఫ్ట్‌వేర్ విడిభాగాలు కర్మాగారాల్లో తయారై అమ్ముడుపోయే రోజు రావాలని వాదించాడు. ఆ రోజు రావడానికి ఇంటర్నెట్ కావలసివచ్చింది. 1990ల మధ్యకు పెర్ల్ వాళ్లకు సీప్యాన్ అనే లైబ్రరీల భాండాగారం వచ్చింది, డెబియన్ లినక్సుకు ప్యాకేజీ వ్యవస్థ వచ్చింది. డెబియన్‌లో ఏ వెర్షన్ పక్కన ఏది ఇమడగలదో చూసి, తూచి, ఒక్క పొందికైన సంచికగా విడుదల చేసే మనుషులున్నారు. భారం వాళ్లు మోశారు కాబట్టి సామాన్య ప్రోగ్రామర్‌కు అది పెద్దగా తగల్లేదు. వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ల కాలంలో ఆ మధ్యవర్తి తప్పుకున్నాడు, భారం నేరుగా ప్రతి అప్లికేషన్ మీదా పడింది.

ఇక్కడినుంచి కథ రూబీ భాష చుట్టూ తిరుగుతుంది. 2003 నవంబరులో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో జరిగిన రూబీకాన్ సమావేశంలో చాడ్ ఫౌలర్, జిమ్ వైరిక్, రిచర్డ్ కిల్మర్, డేవిడ్ బ్లాక్, పాల్ బ్రానన్ కలిసి రూబీజెమ్స్ అనే వ్యవస్థకు రూపం ఇచ్చారు. 2004 మార్చి 14న అది జనంలోకి వచ్చింది. అదే ఏడు జులైలో డేవిడ్ హైనమయర్ హాన్సన్ బేస్‌క్యాంప్ అనే ఉత్పత్తిలోంచి విడదీసి రూబీ ఆన్ రైల్స్‌ను విడుదల చేశాడు. ఒకదానికొకటి ఊతమై రెండూ పెరిగాయి. జెమ్ అంటే పంచుకోదగిన లైబ్రరీ. ఒకే జెమ్‌కు చెందిన పది వెర్షన్లు డిస్కు మీద పక్కపక్కనే ఉండవచ్చు. నడుస్తున్న ప్రోగ్రామ్‌లోకి మాత్రం ఒక్కటే రావాలి. రూబీలో క్లాసు పేర్లు ప్రోగ్రామ్ అంతటికీ ఉమ్మడి ఆస్తి కాబట్టి, ఒకే పేరుతో రెండు వెర్షన్లు వస్తే ఒకదాని మీద ఇంకొకటి పడి రెండూ పాడవుతాయి. కనుక రూబీజెమ్స్ ఒక నియమం పెట్టుకుంది. ప్రోగ్రామ్ నడుస్తుండగా ఎవరు ముందు అడిగితే వారికి షరతుకు సరిపోయే అన్నిటికన్నా కొత్త వెర్షన్ ఇచ్చేసేది. తరువాత వచ్చినవారు అదే జెమ్‌కు వేరే వెర్షన్ అడిగితే, ఇప్పటికే ఒకటి లోపలికి వచ్చేసిందని చెప్పి ఆగిపోయేది.

ఈ నియమం ఎంత ఇబ్బంది పెట్టిందో 2009, 2010 నాటి ర్యాక్ ఉదంతం చెబుతుంది. వెబ్ సర్వర్‌కూ ఫ్రేమ్‌వర్క్‌కూ మధ్య వారధిగా 2007లో పుట్టిన చిన్న జెమ్ ర్యాక్. రైల్స్ 2.3 దాని మీద ఆధారపడింది. ఆ శాఖలోని 2.3.5 వెర్షన్‌కు ర్యాక్ 1.0 వరుసలోదే కావాలి. అదే అప్లికేషన్‌లో ఉన్న మరో జెమ్, ఏ ర్యాక్ అయినా ఫర్వాలేదంటుంది. ఆ రెండోది ముందు లోడయితే రూబీజెమ్స్ దానికి సరికొత్త 1.1 ఇచ్చేస్తుంది. ఆ తరువాత రైల్స్ వచ్చి 1.0 అడిగితే ఎర్రర్. ఇద్దరికీ 1.0 సరిపోతుంది, అది డిస్కు మీద ఉంది కూడా, అయినా అప్లికేషన్ లేవదు. రెండు లైన్ల వరుస తారుమారు చేస్తే మాత్రం అదే అప్లికేషన్ నడుస్తుంది! ఒకరి యంత్రంలో 1.1 ఇన్‌స్టాల్ కాలేదు కాబట్టి అక్కడ ఎర్రరే రాదు. పక్కవారి యంత్రంలో వస్తుంది, సర్వర్ మీద అర్ధరాత్రి వస్తుంది. ఇందులో తప్పుచేసిన లైబ్రరీ ఒక్కటీ లేదు. అందరి షరతులూ విని నిర్ణయించాల్సిన పనిని, ఒక్కొక్కరి మాటా వచ్చిన వరుసలో విని, విన్నవెంటనే తేల్చేయడమే దోషం. రైల్స్ ప్రపంచం దీనికి రకరకాల అతుకులు వేసింది. కావలసిన లైబ్రరీల కోడ్ మొత్తాన్ని వెండర్ అనే ఫోల్డర్‌లోకి నకలు చేసుకునేవారు, ఆఖరికి రైల్స్‌నే అందులో గడ్డకట్టించేవారు. రైల్స్‌లో భాగమైన యాక్టివ్ సపోర్ట్ కూడా బిల్డర్, టీజెడ్‌ఇన్ఫో వంటి జెమ్‌ల నకళ్లను తన కడుపులో దాచుకుంది. 2008లో వచ్చిన రైల్స్ 2.1, అప్లికేషన్ తనకు కావలసిన జెమ్‌లను సెట్టింగుల్లో ప్రకటించుకునే వీలు కల్పించింది. కానీ ఆ ప్రకటనను చదివే సమయానికి రైల్స్ అప్పటికే సగం లేచి కూర్చునేది, తన జెమ్‌లను తాను తెచ్చేసుకునేది. తీర్పు వేళ దాటిపోయాక వాంగ్మూలం తీసుకున్నట్టయింది.

2008 డిసెంబరులో రైల్స్‌కు పోటీగా ఉన్న మెర్బ్ ఫ్రేమ్‌వర్క్ రైల్స్‌లో కలిసిపోతుందని ప్రకటన వచ్చింది. నా దృష్టిలో ఈ చరిత్రకంతటికీ ఇదే కీలకఘట్టం. మెర్బ్ ఒక్క ముద్ద కాదు, చిన్న చిన్న జెమ్‌ల గుత్తి. ముక్కలు ఎక్కువయ్యేకొద్దీ వాటి వెర్షన్లు ఒకదానికొకటి పొసగేలా చూడటం ఎంత నరకమో ఆ బృందానికి అనుభవమే. అక్కడినుంచి వచ్చిన యెహూదా కాట్జ్, అతనితోపాటు కార్ల్ లెర్చే, ఆ తరువాత ఆండ్రే ఆర్కో పనిచేయగా బండ్లర్ తయారైంది. మొదటి రూపాలు నిలవలేదు. 2010 ఫిబ్రవరిలో 0.9 కోసం దాన్ని కొత్తగా రాశారు. 2010 ఆగస్టు చివర రైల్స్ 3.0, బండ్లర్ 1.0 దాదాపు జంటగా వచ్చాయి. బండ్లర్ చేసిన మార్పులు రెండు. మొదటిది, తీర్పు వేళను మార్చింది. అప్లికేషన్ నడిచేటప్పుడు కాకుండా, నడవకముందే అందరి షరతులనూ ఒకచోట చేర్చి, అందరికీ సరిపోయే కూర్పును వెతికింది. రెండోది, కోరికనూ నిర్ణయాన్నీ విడదీసి రెండు ఫైళ్లలో పెట్టింది. జెమ్‌ఫైల్‌లో మనుషులు తమ కోరిక రాస్తారు, "ర్యాక్ 1.0 వరుసలో ఏదైనా సరే" అన్నంత వదులుగా. జెమ్‌ఫైల్ లాక్‌లో యంత్రం తన నిర్ణయం రాస్తుంది, ఫలానా జెమ్‌కు కచ్చితంగా ఫలానా వెర్షన్ అని. ఆ జెమ్‌లు అడిగిన జెమ్‌లు, అవి అడిగినవి, చివరి కొమ్మ దాకా. 0.9 కాలంలో లాక్ చేయడానికి విడిగా ఒక కమాండ్ ఇవ్వాల్సివచ్చేది. 1.0లో అది అడగకుండానే జరిగే పని అయింది. ఆ చిన్న మార్పే లోకాన్ని మార్చింది. కఠినమైన లెక్కను ఒక్కరు ఒక్కసారి చేస్తే చాలు. జట్టులో మిగతావారూ, సర్వర్లూ ఆ జవాబును చదువుకుంటారు.

తరువాతి విస్తరణను వేగంగా చెప్పుకోవచ్చు. పీహెచ్‌పీ వారి కంపోజర్‌కు లాక్‌ఫైల్ వచ్చింది. దాని రిజాల్వర్, అంటే సరిపోయే వెర్షన్ల కూర్పును వెతికే భాగం, ఓపెన్‌సూసే లినక్సులోని తర్క పరిష్కర్తకు అనువాదంగా మొదలైంది. రస్ట్ భాషకు 2014లో కార్గోను నిర్మించింది మళ్లీ కాట్జ్, లెర్చేలే. జావాస్క్రిప్టులో 2016లో యార్న్, 2017లో ఎన్‌పీఎం ఐదో వెర్షన్ అదే దారి పట్టాయి. జాంగో ఫ్రేమ్‌వర్క్ నడిచే పైథాన్ లోకంలో, పిప్ అనే ఇన్‌స్టాలర్‌కు అందరి షరతులూ కలిపి చూసే అసలైన రిజాల్వర్ 2020 నవంబరులో గానీ రాలేదు.

లాక్‌ఫైల్‌కు ఇంత ఘనత ఇవ్వడం మీద అభ్యంతరాలున్నాయి. మొదటిది, ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లనూ పక్కపక్కనే నడిపించుకోవచ్చు కదా, తగవెందుకు అని. ఎన్‌పీఎం ఆ పనే చేసింది, చాలా లైబ్రరీల విషయంలో అది పనిచేస్తుంది. కానీ లోపల ఉమ్మడి స్థితిని దాచుకునే లైబ్రరీకి అది సరిపడదు. ఒకే పేజీలో రియాక్ట్ లైబ్రరీ నకళ్లు రెండు చేరితే దాని హుక్స్ పనిచేయడం మానేస్తాయి. ఇలాంటివాటి కోసం ఎన్‌పీఎం చివరికి పీర్ డిపెండెన్సీలని ప్రత్యేక ఏర్పాటు చేసింది. అంటే తగవు పక్కకు జరిగిందే తప్ప తీరలేదు. రెండోది, వెర్షన్ నంబర్లకు కట్టుబాటు ఉంటే చాలు కదా అని. గిట్‌హబ్ స్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ రాసిన సెమాంటిక్ వెర్షనింగ్ ఆ ఆశతోనే పుట్టింది. పాత కోడ్‌ను విరిచే మార్పు చేస్తే మొదటి అంకె పెంచాలి అన్నది అందులో ముఖ్యసూత్రం. మంచి నియమమే. అయినా అది ఒక మనిషి ఇచ్చే మాట. వాడేవాళ్లు చాలామంది అయ్యాక, రచయిత ఎన్నడూ హామీ ఇవ్వని ప్రవర్తన మీద కూడా ఎవరో ఒకరు ఆధారపడే తీరుతారు. మూడోది గో భాష వారిది. రస్ కాక్స్ 2018లో ప్రతిపాదించిన పద్ధతిలో కావలసిన కనీస వెర్షన్ మాత్రమే చెప్పాలి, ఫలానాది వద్దు అనే హక్కు లైబ్రరీకి లేదు. అప్పుడు కఠిన సమస్య మాయమై లెక్క సులువవుతుంది. ఇది నిజంగా తెలివైన జవాబు. కాని దానికి చెల్లించే మూల్యం ఏమిటంటే, విరిచే మార్పు చేసినప్పుడల్లా లైబ్రరీ కొత్త చిరునామాకు మారాలి. మొదటినుంచీ ఆ క్రమశిక్షణతో పెరగని రైల్స్ లోకానికి దాన్ని వెనక్కి వెళ్లి తొడగలేం.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం భద్రత వైపు నుంచి వస్తుంది. లాక్ చేసి కూర్చుంటే పాత వెర్షన్లలోని లోపాలూ మనతోనే ఉండిపోతాయి కదా? 2013 జనవరి 8న రైల్స్‌లో తీవ్రమైన లోపం బయటపడి 3.2.11, 3.1.10, 3.0.19, 2.3.15 వెర్షన్లు ఒకేరోజు విడుదలయ్యాయి. యామ్ల్ అనే రూపంలోని డేటాను అజాగ్రత్తగా చదవడం వల్ల బయటివారు సర్వర్ మీద తమ కోడ్ నడపగలిగే లోపం అది. అదే నెలాఖరులో రూబీజెమ్స్ సైటే యామ్ల్ దారిలో దాడికి గురైంది. అక్కడున్న జెమ్‌లేవీ మారలేదని సరిచూసుకోవాల్సివచ్చింది. ఈ ఉదంతం అభ్యంతరాన్ని బలపరిచేలా కనిపించినా, నాకు అందులో ఎదురు సాక్ష్యమే కనిపిస్తోంది. ఆ రోజు తమ అప్లికేషన్‌లో ఏ వెర్షన్ నడుస్తోందో లాక్‌ఫైల్ ఉన్నవారు వెంటనే చెప్పగలిగారు. ఒక్క జెమ్‌ను మార్చి, మిగతా వాటిని కదపకుండా ఉంచగలిగారు. రాసిపెట్టుకున్న నిర్ణయాన్ని మార్చుకోవచ్చు. రాయని నిర్ణయం ఎప్పుడు మారిందో కూడా తెలియదు.

పోగొట్టుకున్నదీ ఉంది. వెండర్ ఫోల్డర్ కాలంలో లైబ్రరీ కోడ్ మన ప్రాజెక్టులోనే, మన కళ్లెదుటే ఉండేది. కొత్త వెర్షన్ వస్తే ఏ లైను మారిందో కనిపించేది, కొందరైనా చదివేవారు. ఇప్పుడు లాక్‌ఫైల్‌లో రెండు అంకెలు మారతాయి, వాటి వెనుక వేల లైన్లు మారతాయి, సమీక్షించేవారి చూపు వాటిమీద ఆగదు. రిజాల్వర్లు కూడా చాలాకాలం మూగగా ఉన్నాయి. 2014లో కోకోపాడ్స్ అనే ప్యాకేజీ వ్యవస్థ కోసం శామ్యూల్ గిడిన్స్ రాసిన మోలినిల్లో ఆ తరువాత బండ్లర్‌లోకి వచ్చింది. దారి మూసుకుపోతే వెనక్కి వచ్చి మరో దారి వెతకడం దాని తీరు. ఓడిపోయినప్పుడు మాత్రం అది ఇచ్చే వివరణ చదవడం కష్టం. డార్ట్ భాష కోసం నటాలీ వైజెన్‌బామ్ రూపొందించి 2018లో వివరించిన పబ్‌గ్రబ్ ఆ కొరత తీర్చింది. దారి ఎందుకు మూసుకుపోయిందో అది గుర్తుపెట్టుకుంటుంది, మళ్లీ ఆ గోతిలో పడదు. పరిష్కారం లేదని తేలితే కారణాలను మెట్టుమెట్టుగా చెబుతుంది. ఫలానా జెమ్‌కు ఇది కావాలి, ఫలానా దానికి అది కూడదు, కాబట్టి రెండూ పొసగవు అని. 2022 డిసెంబరులో వచ్చిన బండ్లర్ 2.4 ఈ పద్ధతికి మారింది. దాని వేగం కన్నా అది చెప్పే కారణానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. వెర్షన్ల తగవు నిజానికి ఒకరికొకరు తెలియని రచయితల మాటల మధ్య తగవు. ఎవరి మాట ఎక్కడ అడ్డొచ్చిందో తెలిస్తే వెళ్లి అడగవచ్చు, షరతు సడలించమనవచ్చు.

కనుక ఈ పనిలో ఉన్నవారికి నా విన్నపం మూడు మాటల్లో. లాక్‌ఫైల్‌ను తప్పకుండా గిట్‌లోకి ఎక్కించండి. తగవు వచ్చినప్పుడు ఆ ఫైల్‌ను చెరిపేసి మళ్లీ పుట్టించకండి, అలా చేస్తే జట్టు మొత్తం కుదుర్చుకున్న పాత నిర్ణయాలన్నీ ఒక్క దెబ్బతో పోతాయి. రిజాల్వర్ చెప్పిన కారణాన్ని చివరిదాకా చదివి, అడ్డొచ్చిన ఒక్క జెమ్‌నే కదపండి.