వాగుల వెంట వ్యాధి జాడ: గడ్డపోతారం పరిసరాల్లో ప్రజలు, వైద్యులు, క్యాన్సర్ లెక్క

పూర్వపు మెదక్ జిల్లా జిన్నారం మండలంలో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో ఉన్న గడ్డపోతారం, పొరుగునే ఉన్న ఖాజీపల్లితో కలిసి ఒక పారిశ్రామికవాడగా మారిన గ్రామం. చెరువులు, కుంటలు, వాటి కింది ఆయకట్టు, వానాకాలంలో పొంగి నక్కవాగులో కలిసి చివరికి మంజీరా నదిని చేరే చిన్న వాగులు ఈ ప్రాంతపు పాత భూగోళం కాగా, దానిపైన నాలుగు దశాబ్దాల కాలంలో మందుల కంపెనీలు, వాటి గోదాములు, కాంట్రాక్టు కార్మికుల అద్దె గదులు వచ్చి చేరాయి. ఈ నేల మీద క్యాన్సర్ చరిత్ర రాయాలంటే ఆసుపత్రుల చరిత్ర ఒక్కటే చాలదు. వ్యాధి మూలాన్ని అనుమానించి ముందుగా గొంతెత్తింది పొలం పాడైన రైతులు, వారికి చికిత్స చేసిన స్థానిక వైద్యులు కాగా, వ్యాధిని లెక్కించే సంస్థలు ఎక్కడో దూరంగా, వేరే దారిలో ఎదిగాయి. ఈ రెండు దారులూ ఎంత మేరకు కలిశాయి, ఎక్కడ కలవకుండా పోయాయి అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

మందుల తయారీ ఈ ప్రాంతానికి రావడానికి పునాది హైదరాబాద్ శివారులోని బాలానగర్‌లో పడింది. సోవియట్ యూనియన్ సాంకేతిక సహకారంతో 1960లలో అక్కడ నెలకొన్న ప్రభుత్వరంగ సంస్థ ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్, జనం నోట ఐడీపీఎల్, ఒక తరం రసాయన నిపుణులకు బడి అయింది. 1970లో పార్లమెంటు ఆమోదించి 1972 నుంచి అమలైన పేటెంట్ల చట్టం, మందుకు కాకుండా దానిని తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇవ్వడంతో, అదే మందును వేరే పద్ధతిలో చవకగా తయారుచేసే అవకాశం ఆ నిపుణులకు దక్కింది. 1980 లోక్‌సభ ఎన్నికల్లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి గెలవడం, వెనుకబడిన ప్రాంతాల పరిశ్రమలకిచ్చే రాయితీలు, నగరానికి దగ్గరగా చవకగా దొరికిన భూమి అన్నీ తోడై పటాన్‌చెరు, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, పాశమైలారం వరుసగా పరిశ్రమలతో నిండాయి. ఇక్కడ ఎక్కువగా తయారయ్యేది బల్క్ డ్రగ్, అంటే మాత్రగానో సూదిమందుగానో మారకముందు ఉండే అసలు మందు పదార్థం. దాన్ని రాబట్టడానికి ఒకదాని తరువాత ఒకటిగా అనేక రసాయన చర్యలు జరపాలి, ప్రతి దశలోనూ ద్రావకాలు వాడాలి. అందుకే చేతికొచ్చే మందు కంటే మిగిలే వ్యర్థం ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. లక్షలాది పేద రోగులకు మందును అందుబాటు ధరకు తెచ్చిన ఈ పరిశ్రమ మేలును కాదనలేము. ఆ చవకదనంలో కొంత భాగాన్ని వాగుల పరీవాహక గ్రామాలు తమ నీటితో, నేలతో చెల్లించాయన్నదీ కాదనలేని నిజమే.

1980లలోనే నక్కవాగు నీటి రంగు మారడం, పశువులు చనిపోవడం, వరి పైరు ఎండిపోవడం, బోర్ల నీళ్లలో వాసన రావడం గ్రామస్థులు గమనించి ఫిర్యాదులు చేశారు. పటాన్‌చెరులో వైద్యవృత్తి సాగించిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు, తన వద్దకు వచ్చే రోగుల్లో చర్మవ్యాధులు, ఉబ్బసం, కడుపు సంబంధ వ్యాధులు పెరుగుతున్న తీరును వారు తాగే నీటితో కలిపి చూసి, ఆస్పత్రి గడప దాటి రైతులతో పాటు ఉద్యమంలోకి దిగారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె. పురుషోత్తంరెడ్డి వంటి పర్యావరణవాదులు దానికి నగరం నుంచి బలం చేకూర్చారు. ప్రజలూ వైద్యులూ కలిసి పనిచేయడం అనే మాట ఆరోగ్య పథకాల పత్రాల్లో కనిపించడానికి చాలా ముందే, ఏ నిధులూ పథకమూ లేకుండా, ఇక్కడ అది ఆచరణలో ఉంది. రోగి చెప్పిన ఊరి పేరును మందు చీటీ మీద రాసి ఊరుకోకుండా, ఆ ఊరు ఏ వాగు ఒడ్డున ఉందో అడిగిన వైద్యం అది.

ఆ ఉద్యమం న్యాయస్థానానికి చేరింది. ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ అనే సంస్థ 1990లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం దశాబ్దాల పాటు సాగి, 2000 తరువాత రాష్ట్ర హైకోర్టుకు, ఆపైన జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయింది. ఆ విచారణ ఫలితంగా పంట నష్టానికి పరిహారం, కొన్ని గ్రామాలకు సురక్షిత తాగునీరు, వ్యర్థాలను శుద్ధి చేయాలన్న ఒత్తిడి వచ్చాయి. ఎన్నో కంపెనీల వ్యర్థ జలాలను ట్యాంకర్లలో తెచ్చి ఒకేచోట శుద్ధిచేసే ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం పటాన్‌చెరులో 1994లో మొదలైంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామికవాడల కాలుష్య తీవ్రతకు మార్కులు వేసినప్పుడు పటాన్‌చెరు-బొల్లారం 70 దాటి, తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో నిలిచింది.

న్యాయస్థానం ముందు తేలిన వాటిలో ఎక్కువ భాగం నీటి పరీక్షలు, నేల పరీక్షలు, పంట నష్టపు లెక్కలే. ఎండిన ఎకరాలను రెవెన్యూ సిబ్బంది కొలవగలిగారు, చచ్చిన పశువులను లెక్కపెట్టగలిగారు, మనిషి ఒంట్లోని వ్యాధిని మాత్రం అలా కొలిచి చూపడం సాధ్యపడలేదు. 2004లో గ్రీన్‌పీస్ సంస్థ వైద్యనిపుణుల సహకారంతో మెదక్ జిల్లాలో చేయించిన సామాజిక ఆరోగ్య అధ్యయనం ఆ లోటును పూరించడానికి జరిగిన ముఖ్య ప్రయత్నం. పరిశ్రమల మధ్య ఉన్న గ్రామాలను, కాలుష్యానికి దూరంగా ఉండి మిగతా విషయాల్లో వాటిని పోలిన గ్రామాలతో సరిపోల్చడం దాని పద్ధతి. అలా పోలిక కోసం ఎంచుకున్న వాటిని నియంత్రణ గ్రామాలంటారు. క్యాన్సర్‌తో సహా పలు దీర్ఘకాలిక వ్యాధులు పరిశ్రమల చుట్టూ ఉన్న గ్రామాల్లో చాలా రెట్లు ఎక్కువగా ఉన్నాయని ఆ అధ్యయనం తేల్చింది.

ఆ ఫలితాన్ని పక్కన పెట్టడమూ సరికాదు, అదే అంతిమ నిరూపణ అనుకోవడమూ సరికాదు. కొన్ని వేల మంది ఉన్న గ్రామంలో ఏడాదికి ఒకటి రెండు క్యాన్సర్ కేసులు హెచ్చినా రేటు అమాంతం మారిపోతుంది. పైగా హానికర పదార్థం ఒంట్లో చేరిన నాటికీ గడ్డ బయటపడే నాటికీ మధ్య పది నుంచి ముప్పై ఏళ్లు, కొన్నిసార్లు అంతకు మించి గడుస్తాయి. ఈ వ్యవధిని వైద్యులు నిద్రాణ కాలం అంటారు. మందుల పరిశ్రమ వివిధ కాలాల్లో వాడిన ద్రావకాల్లో బెంజీన్ రక్త క్యాన్సర్‌కు కారణమని, తాగునీటిలోని ఆర్సెనిక్ చర్మ, మూత్రాశయ, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించినా, ఒక ఊళ్లో ఒక మనిషికి వచ్చిన క్యాన్సర్ పొగాకు వల్లా, నీటి వల్లా, పనిచేసిన చోటి ఆవిరుల వల్లా అని చెప్పాలంటే దశాబ్దాల పాటు తెగకుండా రాసిపెట్టిన వివరాలు కావాలి. అవి లేకపోవడాన్ని వ్యాధి లేకపోవడంగా చూపే వాదన ఈ ప్రాంతానికి చాలా అన్యాయం చేసింది.

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం, పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికి వెళ్లే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని ప్రకటించడంతో ప్రపంచం దృష్టి ఇటు మళ్లింది. ఖాజీపల్లి చెరువు అంతర్జాతీయ శాస్త్ర పత్రికల్లోకి ఎక్కింది. యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా గురించి ఇక్కడి నీరు ప్రపంచానికి ఎంతో నేర్పింది గానీ, ఆ నీటి పక్కన నివసించేవారి క్యాన్సర్ గురించి అంతటి శ్రద్ధతో వరుస అధ్యయనాలు రాలేదు.

హైదరాబాద్‌లో క్యాన్సర్ వైద్యం అప్పటికే అర్ధశతాబ్దం నాటిది. హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా పనిచేసి, తరువాత గుజరాత్ తొలి గవర్నరయిన మెహదీ నవాజ్ జంగ్ పేరిట 1955లో మొదలైన ఆసుపత్రి, ఎం.ఎన్.జె.గా తెలుగు జిల్లాల పేదలకు పెద్ద దిక్కయింది; 2000లో బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి, 2007లో ఆరోగ్యశ్రీ పథకం వచ్చి చికిత్స ఖర్చు భారాన్ని కొంత తగ్గించాయి. అయినా ఆసుపత్రి చూడగలిగేది తన గుమ్మం దాకా వచ్చిన రోగిని మాత్రమే. ఒక ప్రాంతంలో నివసించే జనాభా మొత్తంలో కొత్తగా వచ్చిన ప్రతి క్యాన్సర్‌నూ, ఎక్కడ చికిత్స పొందినా సరే, వెతికి నమోదు చేసే ఏర్పాటును జనాభా ఆధారిత రిజిస్ట్రీ అంటారు. అటువంటిది నిమ్స్ ఆసుపత్రి నిర్వహణలో హైదరాబాద్‌కు 2014లో వచ్చింది. రొమ్ము క్యాన్సర్ రేటు లక్ష మంది స్త్రీలకు 48గా, దేశంలోని రిజిస్ట్రీలన్నిటిలోనూ ఇక్కడే అత్యధికమని 2020 నాటి జాతీయ నివేదిక వెల్లడించగలిగింది ఆ నమోదు వల్లనే. అయితే ఆ రిజిస్ట్రీ పరిధి హైదరాబాద్ జిల్లా. రాజధానికి అంత దగ్గరగా ఉండి కూడా గడ్డపోతారం ఆ గీతకు అవతల ఉండిపోయింది.

గ్రామాల్లో ఇటువంటి నమోదు అసాధ్యమన్న వాదన నిలవదు. మహారాష్ట్రలోని బార్షీలో 1987లోనే టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు దేశపు తొలి గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీని ప్రారంభించి, రోగులు ఆసుపత్రికి వచ్చేదాకా ఆగకుండా సిబ్బందిని ఊరూరా పంపి, పెద్దలతో మాట్లాడి, మానని పుండు, ఆగని రక్తస్రావం వంటి లక్షణాలున్నవారిని వెతికి పరీక్షలకు తీసుకువెళ్లారు. గడ్డపోతారానికి పొరుగునే ఉన్న మేడ్చల్ మండలంలో, మెడిసిటీ వైద్యసంస్థతో అనుబంధమున్న షేర్ ఇండియా సంస్థ, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2000 తరువాతి దశకంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలను గ్రామాలకు తీసుకువెళ్లింది. పాతికేళ్లు దాటిన రెండువేల మందికి పైగా స్త్రీలను పరీక్షించి 2010లో ప్రచురించిన ఆ అధ్యయనం, పలుచని వెనిగర్ పూసి కంటితో చూసే చవక పద్ధతి చాలా కేసులను పట్టుకోలేకపోతోందని, ఈ క్యాన్సర్‌కు మూలమైన హెచ్‌పీవీ వైరస్‌ను గుర్తించే పరీక్ష మెరుగని చూపింది. కొద్ది దూరంలోనే ఇంత పని జరిగినా అది పారిశ్రామికవాడ గ్రామాలకు విస్తరించలేదు; కాలుష్యం మీద పోరాడినవారు ఒకవైపు, క్యాన్సర్ పరీక్షలు చేసినవారు మరొకవైపు ఉండిపోయారు.

వైద్యులు వస్తే చాలు, జనం నమ్మకం దానంతటదే వస్తుందనుకోవడం ఎంత పొరపాటో ఖమ్మం జిల్లా అనుభవం చెబుతుంది. 2009 జులైలో భద్రాచలం తదితర మండలాల్లో, పాత్ అనే అంతర్జాతీయ సంస్థ ఆధ్వర్యంలో, పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేశారు. హాస్టళ్లలో చదివే గిరిజన బాలికల విషయంలో తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు అంగీకార పత్రాల మీద సంతకాలు చేశారన్నది బయటపడి, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం నిలిచిపోయింది; 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దానిని తీవ్రంగా తప్పుపట్టింది. శాస్త్రపరంగా మేలైన టీకా ఒకటి, అడగవలసినవారిని అడగనందువల్ల, తెలుగు నేల మీద ఏళ్ల తరబడి అనుమానానికి గురయింది.

గడ్డపోతారం విషయంలో ఎవరూ కొత్తగా కనిపెట్టనక్కరలేని ఒక సాధనం చట్టంలోనే ఉండింది. భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన 41సి సెక్షన్, ప్రమాదకర రసాయనాల మధ్య పనిచేసే ప్రతి కార్మికుడికీ ఆరోగ్య రికార్డు ఉంచాలని, దానిని చూసే అవకాశం అతనికి ఇవ్వాలని, పనిలో చేర్చుకునే ముందూ, పనిలో ఉన్నన్నాళ్లూ, ఆ పని మానిన తరువాత కూడా పన్నెండు నెలలు మించని వ్యవధిలో వైద్య పరీక్షలు జరపాలని ఆదేశించింది. పని మానిన తరువాత కూడా అన్న ఆ మాటల్లో క్యాన్సర్ నిద్రాణ కాలాన్ని గుర్తెరిగిన దూరదృష్టి ఉంది. ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చి, కాంట్రాక్టరు పేరు మీద కొన్నేళ్లు రియాక్టర్ల దగ్గర పనిచేసి తిరిగి వెళ్లిపోయే కార్మికుడికి, ఇరవై ఏళ్ల తరువాత సొంత ఊళ్లో వ్యాధి బయటపడితే, అక్కడి వైద్యుడి చేతికి ఇక్కడి రికార్డు అందాలి. అది జరగాలంటే కంపెనీ వైద్యుడి దగ్గరి కాగితం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏఎన్‌ఎం రాసుకునే పేర్లు, ముప్పై ఏళ్లు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేయించుకొమ్మని ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్త జాబితా, ఎం.ఎన్.జె.లో నమోదయ్యే చిరునామా, ఈ నాలుగూ ఒకే మనిషికి చెందినవని గుర్తుపట్టే ఏర్పాటు ఉండాలి. ఆ ఏర్పాటులో రోగి వయసు, వ్యాధి పేరుతో పాటు అతను ఏ బోరు నీళ్లు తాగాడు, ఏ కంపెనీలో ఏ విభాగంలో ఎన్నేళ్లు పనిచేశాడు అన్న వివరాలకూ చోటుండాలి. 1980లలో పటాన్‌చెరు వైద్యుడు తన రోగులను అడిగినవి ఇటువంటి ప్రశ్నలే.